అగ్గిపెట్టె బొమ్మలు, బేస్‌బాల్ కార్డులు

(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై నాకు ముందు మాటలాడిన పెద్దలు ప్రబంధములను గూర్చియు, త్యాగరాజస్వామివారి కృతులను గూర్చియు ప్రసంగించియున్నారు. నేను అగ్గిపెట్టె మీద అంటించు కాగితమును గూర్చి మాటలాడుదునని చెప్పినప్పుడు కార్యదర్శిగారు కొంచెము తడవు ఆలోచించి, "ఎంతసేపండీ?" అని మాత్రము అడిగిరి. ఆ ప్రశ్నలోని భావము నాకు తెలియకపోలేదు. కాని ఈ సభలో తల నెరసినవారు పలువురున్నారు. వారిలో చాలమంది బాల్యమున జేబునిండ ఈ కాగితములను మోసికొని తిరిగినవారేయని నా నమ్మకము. వారి మొగములు చూచి ధైర్యము తెచ్చుకొనుచున్నాను.

పిల్లలు కూడబెట్టు వస్తువులు రెండు తెగలు. తపాలా బిళ్ళలు, పాత నాణెములు మొదలగునవి పెద్దలు మెచ్చునవి. "దీనివలన భూగోళము వచ్చును, చరిత్ర వచ్చును" అని వారే ఆల్బము కొనియిత్తురు. రెండవ తెగ పెద్దలు పారవేయునది. అగ్గిపెట్టె బొమ్మలు, సిగరెట్టు పెట్టెల అట్టలు, సోడాకాయ గోళీలు, చింతగింజలు, పగిలిన గాజుముక్కలు ఈ తెగలోనివి. (గాజుముక్కల మాట వినగానే సోదరీమణులు నవ్వుచున్నారు. ఆ డబ్బాలలో ఎన్ని రంగులుండెడివో వారికే తెలియును.) వీనిని కూడబెట్టుమని ఏ ఉపాధ్యాయుడును చెప్పలేదు, ఏ దుకాణమును అమ్మలేదు. వీని వెలను పిల్లలే కట్టిరి. నేను మాటలాడునది ఈ రెండవ తెగను గూర్చియే.

మా ఊరు కృష్ణా డెల్టాలో కాలువ ప్రక్కన, రైలు మార్గమునకు దగ్గరగా నుండెడిది. ఈ రెండవ సంగతి ముఖ్యమైనది. ఊరిలోని కిరాణా దుకాణములలో ఏడెనిమిది రకముల అగ్గిపెట్టెలకంటె ఎక్కువ దొరకవు. వంటింటిలో సాధారణముగా ఓడ బొమ్మయుండెడిది. ఓడ బొమ్మ ఎవరికిని అక్కరలేదు. మాకు కావలసిన బొమ్మలు రైలులో వచ్చెడివి. ఎక్కడివారో స్టేషనులో దిగి బీడీ ముట్టించుకొని, ఖాళీ పెట్టెను పట్టాలమీద విసరి పోయెడివారు. సాయంకాలపు పాసింజరు వెళ్ళిన పిమ్మట ప్లాటుఫారము చివరన మా వేట మొదలు. నెమలి, తామరపూవు, కోడిపుంజు, మోటారుకారు, జింక, దీపము, సినిమా తారను పోలిన స్త్రీముఖము, ఒకమారు చంద్రునిపై దిగు రాకెట్టు. వానిమీద అరవము, నాగరి, ఇంగ్లీషు అక్షరములు. అరవ లిపిలో 'తీప్పెట్టి' అను మాటను నేను గుర్తుపట్టినది ఏ పుస్తకములోను కాదు, ఆ పట్టాలమీదనే.

బొమ్మను ఊడదీయుట ఒక విద్య. లాగిన చిరిగిపోవును. పెట్టెను చెంబులోని నీటిలో నానవేయవలెను. ఎక్కువసేపు నానిన రంగు కారును, తక్కువైన వెనుకటి పొర ఊడిరాదు. ఊడిన దానిని పలకమీద పరచి, నీడను ఆరబెట్టి, అన్నపు మెతుకులతో పాత లెక్కల పుస్తకములో అంటించవలెను. వీటన్నిటికంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఆ దినములలో పెట్టె తెరువగనే చినుగునట్లుగా సుంకపు చీటీ యొకటి అంటించియుండెడిది. మొదట తెరచినవాడు నిర్లక్ష్యముగా చింపిన, దానితోపాటు బొమ్మ అంచు కూడ చినుగును. కేంద్ర ప్రభుత్వముతో నాకు కలిగిన తొలి పరిచయము ఆ చీటీద్వారానే. ఎక్సైజు శాఖలో పనిచేసిన మిత్రులు ఈ సభలో ఉన్నారు గనుక ఇంతకంటె చెప్పను.

ఇక ఆట. అగ్గిపెట్టె బొమ్మలు ముఖ్యముగా దాచుకొనుటకు, సిగరెట్టు అట్టలు ఆడుటకు. మా ఊరిలో దానిని బచ్చాలాట యనెడివారు. ఒక్కొక్క సీమలో ఒక్కొక్క పేరుండవచ్చును. నేలమీద వలయము గీచి, అందులో అట్టలను పేర్చి, దూరముననున్న గీతపై నిలుచుండి చదునైన రాతితో కొట్టవలెను. వలయము వెలుపలికి వచ్చినవి కొట్టినవానివి. ప్రతి అట్టకు ఒక లెక్క కలదు. చార్మినారు అట్ట వీధివీధినా దొరకును గనుక దానిది అతి తక్కువ లెక్క. కత్తెర మార్కు దానికంటె మేలు. ఎత్తుటోపీ దొర బొమ్మగల పాసింగ్ షో వచ్చినచో పదిమంది మూగి చూచెడివారు. ఈ లెక్కలు ఎవరు నిర్ణయించిరి? ఏ గెజెట్టులోను ప్రకటింపబడలేదు. అయినను ఊరిలోని ప్రతి బాలునికి కంఠస్థము. వేసవి సెలవులకు మేనమామ ఇంటికి పోయిన వాడు అచ్చటి లెక్కలు వేరని గ్రహించెడివాడు. మా ఊరిలో విలువలేని అట్టలను అచ్చట మార్చుకొని, జేబులు బరువుగా తిరిగివచ్చెడివాడు. మాకు బజారు ధర యనునది ఈ విధముగా అర్థమైనది.

ఇన్ని రకముల బొమ్మలు ఎచ్చటినుండి పుట్టినవని నేను పెద్దవాడనైన పిమ్మట విచారించితిని. ఇరువదవ శతాబ్దము ఆరంభమున మన దేశమునకు అగ్గిపెట్టెలు ప్రధానముగా స్వీడను, జపానులనుండి వచ్చుచుండెడివి. మన కొనుగోలుదారుల మనసెరిగి ఆ విదేశీయులు మన దేవతల బొమ్మలనే అచ్చువేసి పంపిరి. 1922లో దిగుమతి సుంకము పెరుగుటతో ఇచ్చటనే తయారుచేయుట లాభసాటియైనది. స్వీడిషు కంపెనీవారు 1923లో విమ్కో సంస్థను నెలకొల్పి, బొంబాయి దగ్గర అంబర్‌నాథ్‌లో యంత్రములతో తయారీకి పూనుకొనిరి. ఆ కాలముననే శివకాశికి చెందిన అయ్య నాడారు, షణ్ముగ నాడారు అను ఇరువురు కలకత్తా వెళ్ళి ఈ పని నేర్చుకొని వచ్చి తమ ఊరిలో మొదలుపెట్టిరి. వాన తక్కువైన ఆ నేలలో చేతిపనితో నడచు చిన్న కర్మాగారములు పుట్టగొడుగులవలె లేచినవి.

1934లో అగ్గిపెట్టెలపై కేంద్ర ఎక్సైజు సుంకము వచ్చినది. క్రమముగా ఉత్పత్తినిబట్టి కర్మాగారములను తరగతులుగా విభజించి, చేతిపనితో చేయు చిన్నవారికి సుంకములో తగ్గింపు నిచ్చిరి. పెద్దదైనచో రాయితీ పోవును గనుక చిన్నదిగా మిగులుటయే మేలని చాలమంది తలంచిరి. ఒక్కొక్క చిన్న కర్మాగారమునకు తన పేరు, తన గుర్తు, తన బొమ్మ. ఒక బొమ్మ అమ్ముడుపోయినదన్న, మరునాడు దానిని పోలిన బొమ్మను ప్రక్కవాడు అచ్చువేసెడివాడు. పులికి చిరుత, చిరుతకు పిల్లి. మనిషి చీటాతో పెనుగులాడు బొమ్మ మీలో చాలమందికి తెలిసినదే. ఈ బొమ్మల అచ్చుపనియే శివకాశి ముద్రణ పరిశ్రమకు ఊపిరి పోసినది. ఆ తరువాత మన గోడలమీది క్యాలెండర్లు సైతము అచ్చటనుండియే వచ్చినవి. సుంకపు పట్టికను వ్రాసిన అధికారి మనసులో ప్రభుత్వ ఆదాయముండెను, కుటీర పరిశ్రమల సంరక్షణముండెను. పట్టాలవెంట తిరుగు బాలురు ఉండిరని అనుకొనను. కాని మా పుస్తకములు నిండినది ఆయన చలువవలననే.

మనవలె చిత్తుకాగితమునకు విలువ కట్టిన మరియొక జాతి బాలురు అమెరికాలో ఉండిరి. వారి బేస్‌బాల్ కార్డుల కథ మన కథకు అన్నవంటిది. పందొమ్మిదవ శతాబ్దము చివర అచ్చటి సిగరెట్టు కంపెనీలు పెట్టె నలుగకుండుటకై లోపల ఒక గట్టి అట్టముక్కను పెట్టెడివి. ఊరకుండనేలయని దానిమీద ఆటగాళ్ళ బొమ్మలు వేసిరి. ఇంగ్లండులో విల్స్ కంపెనీవారు 1896లో క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మలు వేసినదియు ఇట్లే. సిగరెట్టు తండ్రిది, బొమ్మ కొడుకుది. 1909 మొదలు 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన వరుసలో ఐదువందలకు పైగా బొమ్మలు కలవు. అందులో పిట్స్‌బర్గ్ ఆటగాడు హోనస్ వాగ్నరు బొమ్మను మధ్యలోనే నిలిపివేసిరి. పిల్లలు తన బొమ్మకొరకు పొగాకు కొనుట ఆయనకు ఇష్టములేదని కొందరు, తనకు సొమ్ము ఇయ్యనందున ఒప్పుకొనలేదని మరికొందరు చెప్పుదురు. ఏది యెట్లున్నను ఆ బొమ్మ కొద్దిగా మాత్రమే మిగిలినది.

పిమ్మట పొగాకు స్థానమున నమలు జిగురు వచ్చినది. 1933లో గౌడీ అను గమ్ కంపెనీ 240 బొమ్మల వరుసను ప్రకటించి, 106వ సంఖ్యగల బొమ్మను మాత్రము అచ్చువేయలేదు. వరుస పూర్తియగునని పిల్లలు కొనుచునే యుండిరి. చివరకు కొందరు కంపెనీకి ఫిర్యాదు ఉత్తరములు వ్రాసిరి. 1934లో కంపెనీ నాప్ లజోయి అను పాత ఆటగాని బొమ్మను ఆ సంఖ్యతో అచ్చువేసి, ఉత్తరము వ్రాసినవారికి తపాలాలో పంపినది. ఫిర్యాదులకు సమాధానము వ్రాయుటలో జీవితములు గడపిన మనకు ఆ పిల్లల పట్టుదల ఎట్టిదో విడమరచి చెప్పనక్కరలేదు.

1951 శరదృతువున బ్రూక్లిన్‌లోని తన ఇంటి వంటగది బల్లమీద టాప్స్ కంపెనీ ఉద్యోగి సై బెర్గరు తన సహచరుడు వుడీ గెల్మన్‌తో కూడి 1952 వరుసకు రూపమిచ్చెను. ముందువైపు బొమ్మ, సంతకము, జట్టు గుర్తు. వెనుకవైపు ఆటగాని చరిత్ర, లెక్కలు. మొత్తము 407. అమెరికను బాలురు వీనిని మార్చుకొనిరి, గోడకు విసరి పందెములాడిరి, సైకిలు చక్రపు పుల్లలకు బట్టలక్లిప్పుతో తగిలించి మోటారు చప్పుడు చేయించిరి. ఆ చక్రములలో నలిగిన బొమ్మలను తలచుకొని నేడు వృద్ధులు నిట్టూర్చుచుందురు. తాము కళాశాలకు పోయిన వెనుక తమ తల్లులు పెట్టెలను చెత్తలో వేసిరనుట అచ్చట సామెతవంటి మాట. మన ఇండ్లలో ఆ పని పాత కాగితముల వాడు చేసెను. తూకమునకు.

ఆ 1952 వరుసలోని చివరి బొమ్మలు ఆటల కాలము ముగియు సమయమున బజారుకు వచ్చుటచే అమ్ముడుపోలేదు. ఎనిమిదేండ్లు గిడ్డంగిలో పడియుండెను. బెర్గరు స్వయముగా చెప్పినదానినిబట్టి, 1960లో వానిని మూడు చెత్తబండ్లకు ఎత్తించి, పడవమీద తీసికొనిపోయి, న్యూజెర్సీ తీరమున అట్లాంటిక్ సముద్రములో పడవేయించెను. నేడు ఆ న్యూజెర్సీలో మన తెలుగు కుటుంబములు ఎన్నియో కలవు. ఇచ్చట కూర్చున్నవారిలో కొందరి పిల్లలు అచ్చటనే ఉన్నారు. ఆ సముద్రపుటొడ్డున నడచునప్పుడు వారికి ఈ సంగతి చెప్పుడు. ఏలయనగా ఆ వరుసలోని 311వ బొమ్మ, మికీ మాంటిల్‌ది, 2022 ఆగస్టులో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలమున అమ్ముడైనది. ఆనాటి మారకపు లెక్కన సుమారు 100 కోట్ల రూపాయలు.

సభలో కలకలము వినబడుచున్నది. ఈ అంకె చెప్పినచోటనెల్ల ఇట్లే జరుగును. అందుచేతనే దీనిని ముందుగా చెప్పలేదు. ఈ సొమ్ము వచ్చిన పిమ్మట ఆ ఆట ఏమైనదో వినుడు. 1980లలో పాత బొమ్మల ధరలు పెరుగుచున్నవని తెలిసి పెద్దలు కొత్త బొమ్మలను పెట్టెలకు పెట్టెలు కొని, విప్పకుండ అటకలమీద దాచిరి. కంపెనీలు అదే అదనుగా విపరీతముగా అచ్చువేసినవి. అందరును దాచిన వస్తువు అరుదు కాజాలదు గదా! వానిలో అధికభాగమునకు నేడు విలువ లేదు. 1990ల ఆరంభమున టాప్స్ కంపెనీ పొట్లములోని గమ్ముముక్కను తీసివేసినది. అది బొమ్మకు మరకచేయునని కొనువారి ఫిర్యాదు. ఒకప్పుడు గమ్ముకొరకు బొమ్మను చేర్చిరి, ఇప్పుడు బొమ్మకొరకు గమ్ము పోయినది. గమ్ము పోయినప్పుడే బాలుడు కూడ ఆ పొట్లమునుండి వెళ్ళిపోయెనని నా అభిప్రాయము. మరకకు భయపడువాడు బొమ్మను జేబులో వేసికొనడు, చక్రమునకు తగిలింపడు.

ఆ దేశపు కార్డుల చరిత్రలో నేను మనసార గౌరవించు వ్యక్తి వేరొకడు. ఆయన ఆటగాడు కాడు, వర్తకుడు కాడు. పేరు జెఫర్సన్ బర్డిక్. న్యూయార్కు రాష్ట్రమున సిరక్యూస్ నగరములో విద్యుత్తు సామగ్రి కర్మాగారమున భాగములు బిగించు పనివాడు. అవివాహితుడు. కీళ్ళవాతముచే వ్రేళ్ళు, భుజములు నానాటికి బిగుసుకొనిపోవుచుండెను. చిన్ననాటినుండి సేకరించిన సిగరెట్టు బొమ్మలు, గమ్ము బొమ్మలు, ప్రకటన చీటీలు లక్షలకొలదిగా పెరిగినవి. వానికి క్రమము లేదు, పేర్లు లేవు. ఆయన ఏమి చేసెననుకొన్నారు? మనము చేయు పనియే చేసెను. ఫైలు నంబర్లు వేసెను!

పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు 'ఎన్', ఇరువదవ శతాబ్దపు పొగాకు బొమ్మలకు 'టీ', తొలి మిఠాయి బొమ్మలకు 'ఈ', తరువాతి గమ్ము బొమ్మలకు 'ఆర్' అని అక్షరములు, వానిప్రక్కన వరుస సంఖ్యలు. 1939లో తొలి పట్టికను అచ్చువేయించెను. నేడు వాగ్నరు బొమ్మయున్న వరుసను లోకమంతయు 'టీ 206' అని పిలుచునది ఆయన వేసిన సంఖ్యతోనే. కోట్లకు వేలముపాడు ధనికులు కూడ ఆ కర్మాగారపు పనివాని సంఖ్యను పలుకక తప్పదు.

1947 మొదలుగా ఆయన తన సేకరణను న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు అప్పగింప నారంభించెను. ముద్రణ చిత్రముల శాఖాధిపతి హయట్ మేయరు దానిని స్వీకరించెను. అది మహా చిత్రకారుల పటములకు నెలవైన చోటు. అచ్చట గమ్ముకాగితములకు స్థానము దొరకుట సామాన్యమైన విషయము కాదు. క్రమపరచి అంటించు భారము బర్డిక్‌దే. ఉద్యోగము మానుకొని, న్యూయార్కు చేరి, శాఖలో ఒక మూల బల్లవద్ద కూర్చుండి, వంగని వ్రేళ్ళతో ఏండ్ల తరబడి ఒక్కొక్క బొమ్మను ఆల్బములలో అంటించెను. మొత్తము మూడు లక్షలకు పైబడినవి. అందులో బేస్‌బాల్‌వి ముప్పదివేలకు మించియుండును. 1963 జనవరి 10వ తేదీ సాయంకాలము చివరి కాగితము అంటించి, పని ముగిసినదని, ఇక రానని చెప్పి కోటు తొడిగికొని వెళ్ళిపోయెను. మార్చిలో మరణించెను. ఆయన వానిలో ఒక్కటియు అమ్మికొనలేదు. ఆ ఆల్బములు నేటికిని అచ్చట నున్నవి.

ఆయన కథ చదివినప్పుడెల్ల నాకు మన బదిలీలు జ్ఞాపకము వచ్చును. మూడు నాలుగేండ్లకొకమారు ఆర్డరు వచ్చును. సామాను కిలోల లెక్కన తూగవలెను. మంచము పోవచ్చును, బీరువా పోవచ్చును, చిన్నవాని పాత లెక్కల పుస్తకము మాత్రము "ఇదెందుకురా?" అను ప్రశ్నకు గురియగును. సమాధానము చెప్పుటకు వానికి భాష లేదు. మన కార్యాలయములలో 'సీ' తరగతి కాగితములను పదియేండ్లకు మించి నిలుపరు. పిల్లల కాగితములకు ఆపాటి గడువు కూడ దక్కలేదు. నా పుస్తకము ఒక బదిలీలో పోయినది. అందులో రెండువందలకు పైగా బొమ్మలుండెను. నేడు జ్ఞాపకమునుండి ముప్పదింటికంటె ఎక్కువ చెప్పలేను.

మనకు ఒక బర్డిక్ లభింపలేదని కొందరు మిత్రులు నాతో విచారపడిరి. అగ్గిపెట్టె బొమ్మలను సేకరించువారు మన దేశమున నేటికిని లేకపోలేదు. వారి పుణ్యమున కాగితములు కొన్ని దక్కినవి. నా విచారము కాగితములకొరకు అంతగా కాదు. ఏ ఊరిలో ఏ అట్టకు ఎంత లెక్క, వలయమునకు గీతకు ఎన్ని అడుగుల దూరము, తప్పు కొట్టినచో దండుగ ఎంత, ఆటకు ఆ సీమలో పేరేమి, ఇవి ఎవరును వ్రాసిపెట్టలేదు. బర్డిక్ పట్టికలోను ఇవి లేవు. ఆయన బొమ్మకు సంఖ్య వేసెనుగాని బాలుని నోటిలోని మాటకు వేయలేదు. అది తెలిసినవారు మన తరమువారే. 1987 ప్రపంచ కప్పు దినములలో గమ్ముపొట్లములలోని పరుగుల లెక్కలు ఏరినవారు, అటుపిమ్మట కుస్తీవీరుల ట్రంపు కార్డులు ఆడినవారు మనకంటె చిన్నవారు. వారి లెక్కలు వారు చెప్పగలరు. రైలుకట్ట లెక్కలు చెప్పవలసినది మనమే. అగ్గిపెట్టె ధర రూపాయినుండి రెండు రూపాయలైనది 2021 డిసెంబరులో. మా మనుమడు ఆ వార్తను కాదు, అగ్గిపెట్టెనే వింతగా చూచెను. వాని ఇంటిలో పొయ్యి మీట నొక్కిన వెలుగును.

కార్యదర్శిగారితో ముందే మాటలాడితిని. రాబోవు ఉగాది సభనాడు గ్రంథాలయపు గదిలో కిటికీ ప్రక్కనున్న పొడవు బల్లను ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఎవరివద్దనైన పాత పుస్తకము, ఊడిన బొమ్మ, నలిగిన అట్ట మిగిలియున్నచో తీసికొనిరండి. ఏమియు మిగులనివారు ఇంకను ముఖ్యముగా రావలెను. తెల్లకాగితములు, కలములు నేను తెచ్చెదను. ఊరి పేరు, ఏ యేడు, ఆట పేరు, ఏ అట్టకు ఎంత. ఇంతయే వ్రాయవలెను. వలయము గీయుటకు సుద్దముక్క కూడ తెచ్చెదను, ఎవరైన చూపించుటకు వంగగలిగినచో. సెలవు.